దోయినా గారి లేజరూ, పదకొండు కాగితాలూ

ముందే ఒప్పేసుకుంటే గొడవ వదిలిపోతుంది. నేను కాస్త పెంచి చెబుతాను. గోదావరి రెండు మెట్లు పెరిగితే ఊళ్ళోకి వచ్చేసిందంటాను. రాజమండ్రిలో నా కళ్ళజోళ్ళ షాపుకొచ్చి కూర్చునేవాళ్ళకి ఈ అలవాటు తెలుసు కనక, నేను ఏనుగంటే వాళ్ళు దూడ అని సర్దుకుంటారు. మా ఆవిడ ఇంకో పద్ధతి కనిపెట్టింది. నేను చెప్పినదాన్ని మూడుతో భాగించి, అందులోంచి నా ఘనకార్యాలు తీసేస్తే మిగిలేది నిజమట. ఇది చదివి సింగపూర్ బయల్దేరేవాళ్ళకి ఒకటే మనవి. రైళ్ళు మారే స్టేషన్లూ, టైములూ సరిగ్గానే రాశాను. వాటిని మాత్రం భాగించకండి.

ప్రయాణానికి కారణం కాకినాడలో ఉంది. అక్కడ నా స్నేహితుడొకడు బడిపిల్లల కోసం సైన్సు మాసపత్రిక నడుపుతాడు. శాస్త్రవేత్తలంటే గోడమీద ఫొటోలే అనుకుంటున్నారు పిల్లలు, బతికున్న మనిషి జీవితం ఒకటి రాసిపెట్టవయ్యా అని ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడే సింగపూర్ నుంచి మా బావమరిది చలపతి ఫోన్ చేశాడు. బిషాన్‌లో వాళ్ళ పక్క ఫ్లాట్‌లో ఒక రొమేనియా పెద్దావిడ ఉందనీ, ఒకప్పుడు లేజర్లు చేత్తో తయారుచేసిందనీ, తర్వాత ఇక్కడి కాలేజీలో ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిందనీ, ఇప్పుడు మూటాముల్లే సర్దుకుని సొంత దేశం వెళ్ళిపోతోందనీ చెప్పాడు.

“బావగారూ, ఇంకో ట్వెంటీ డేస్‌లో ఆవిడ ఫ్లైట్. లేట్ చేశారంటే మీరు బుకారెస్ట్‌కి టికెట్ కొనుక్కోవాలి” అన్నాడు.

వీసా నాలుగు రోజుల్లో వచ్చింది. మా ఆవిడ బడిపంతులమ్మ. పరీక్షల డ్యూటీ ఉండి తను రాలేనంది కానీ, పెట్టె మాత్రం తనే సర్దింది. ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, పసుపు పొట్లం, కుంకుమ భరిణె, కొబ్బరినూనె సీసా. నా బట్టలకి మిగిలిన చోటు రెండు చేతిరుమాళ్ళ మందం. పెట్టె బరువు మా వీధి ఆంబోతుకి ఒక కేజీ తక్కువ.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి రాజమండ్రిలో విశాఖపట్నం రైలెక్కాను. కూర్చునే సీటుకి రిజర్వేషన్ చేయించుకుంటే నూట ముప్పైలోపే అయిపోతుంది. ఎదురు సీట్లో రాజోలు వైపు మనిషి, సత్తిబాబు. నలభై ఏళ్ళుంటాయి. సింగపూర్ షిప్‌యార్డులో తొమ్మిదేళ్ళుగా వెల్డింగ్ పని చేస్తున్నాడు, సెలవు అయిపోయి వెళ్తున్నాడు. అన్నవరం స్టేషన్లో ప్రసాదం కొని నాకో విస్తరాకు పొట్లం ఇచ్చాడు. నేను లేజరు శాస్త్రవేత్త దగ్గరికి వెళ్తున్నానని చెప్పి, ప్రపంచంలో నాకున్న విజ్ఞానమంతా అతని మీద కుమ్మరించాను. అతను ఓపిగ్గా విన్నాడు.

“మా యార్డులో లేజరే కదండి రేకులు కోసేది. అప్పడం విరిచినట్టు కోసేస్తదండి. దాని అద్దం మీద ఈగ వాలినా ఆపేస్తారండి” అన్నాడు.

ఆ మిషనుకి పూజ చేస్తారా అని అడిగాను. మన షాపులో లెన్సులు అరగదీసే చక్రానికి నేను ప్రతి దసరాకీ బొట్టు పెడతాను కదా, ఆ కుతూహలం.

“ఆయ్, బొట్టెడతామండి. ఒంటికెడతాం. మూతి కాడికి మాత్రం ఫోర్‌మేన్ రానివ్వడండి” అన్నాడు సత్తిబాబు.

ఈ మాట పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు.

విశాఖలో విమానం ఎక్కేసరికి, తూకానికి మించిన పొట్లాలు జేబుల్లో కుక్కుకుని పెట్టె కంటే నేను బరువెక్కాను. సీటు మా షాపులో ఫ్రేములు పెట్టుకునే సొరుగంత ఉంది. మోకాళ్ళు నా చెవులకి కథలు చెబుతుండగా బుధవారం తెల్లారి సింగపూర్ విమానాశ్రయం చాంగీలో దిగాను. వాచీ రెండున్నర గంటలు ముందుకి తిప్పుకోవాలి. అదే విమానంలో దిగిన సత్తిబాబుని కంపెనీ వ్యాను ఎక్కించుకుపోయింది. ఆదివారం తప్ప తనకి తీరికుండదని ముందే చెప్పాడు.

చాంగీ నుంచి బిషాన్‌కి రైల్లోనే వెళ్ళొచ్చు. తానా మేరాలో ఒకసారి, సిటీ హాల్‌లో ఒకసారి మారాలి. మన బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. గంట పడుతుంది. నాకు గంటన్నర పట్టింది, ఎందుకంటే ఎస్కలేటరు మీద కుడివైపు నిలబడి దేశాన్ని ఆపేశాను. నా వెనక నాలుగు వందలమంది ఆగిపోయారు. సరే, నలుగురు. అందులో ఒకావిడ “అంకుల్, కీప్ లెఫ్ట్” అని మెల్లిగా భుజం తట్టింది.

స్టేషన్లో చలపతి ఉన్నాడు. ఇంటికి వెళ్ళేముందు హాకర్ సెంటర్‌లో టిఫిను తినిపించాడు. అది వరసగా తిండి కొట్లున్న షెడ్డు. అక్కడ ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేస్తే ఆ బల్ల మనదేనట, దాన్ని చోప్ చెయ్యడం అంటారట. ఇంత గౌరవమైన కబ్జా నేనెక్కడా చూడలేదు. రెండు పరాటాలూ, గ్లాసుడు కాఫీ కలిపి ఐదు డాలర్లలోపు. కాఫీ ఎంత చిక్కగా ఉందంటే చెంచా నిలబెడితే సాయంత్రం దాకా నిలబడుతుంది. చలపతి భార్య సుజాత బ్యాంకు ఉద్యోగి. ఎనిమిదికల్లా ఆఫీసుకి పోయి ఆరున్నరకి వస్తుంది. పన్నెండేళ్ళ కూతురు నిత్య సాయంత్రం నా ఎస్కలేటరు కథ విని, “మామయ్యా, యూ ఆల్వేస్ లైక్ దట్ లా” అని, చివర సింగపూర్ వాళ్ళ ‘లా’ తగిలించి తీర్పు చెప్పేసింది. పడక హాల్లో సోఫా మీద. మెత్తగా ఉంది, నా పొడవుకి ఒక జానెడు తక్కువ.

బుధవారం ఐదింటికి చలపతి నన్ను పక్క ఫ్లాట్‌కి తీసుకెళ్ళాడు. తలుపు తీసిన ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. పొట్టి, తెల్ల జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. పేరు దోయినా. నేను కళ్ళజోళ్ళ వ్యాపారినని చలపతి చెప్పగానే ఆవిడ తన జోడు తీసి నా చేతిలో పెట్టింది. ఎడమ కాడ వదులుగా ఉంది. జేబులో ఎప్పుడూ ఉండే బుల్లి స్క్రూడ్రైవరుతో బిగించి ఇచ్చాను. అప్పట్నుంచి నా పేరు మిస్టర్ ఆప్టీషియన్. ఆవిడ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా, కచ్చితంగా ఉంటుంది. నేను దాన్ని తెలుగులో పెడుతున్నాను.

ఇల్లంతా అట్టపెట్టెలే. భోజనాల బల్ల మీద మాత్రం ఒక పొడవాటి ఇనుప దిమ్మె, దానిమీద మూరన్నర గాజు గొట్టం, గొట్టానికి అటూ ఇటూ వాలుగా అతికించిన గాజు పలకలు, వాటికెదురుగా నట్లలో బిగించిన రెండు గుండ్రటి అద్దాలు. అదే ఆవిడ లేజరు. ముప్పై ఏళ్ళకి ముందు బుకారెస్ట్‌లో తన చేత్తో ఊది చేసుకున్న గొట్టం. అందులోని హీలియం గాజులోంచి కూడా మెల్లిగా జారిపోతుందట. మూడుసార్లు మళ్ళీ నింపించుకుంది.

శనివారం నాలుగింటికి కాలేజీ నుంచి టాన్ అనే ఆయన వస్తాడు. ఆవిడ దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు ప్రయోగశాల చూస్తున్నాడు. లేజరు వెలిగితే దాన్ని ప్రయోగశాలలో పెడతారు. ఏటా కొత్త విద్యార్థులు దాన్ని తెరిచి, బిగించి, వెలిగించి నేర్చుకుంటారు. వెలగకపోతే వరండాలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఆవిడ సోమవారం వెళ్ళిపోతోంది కనక ఇంకో శనివారం లేదు.

“బీరువాలో పెడితే అది చచ్చిపోయినట్టే. నేనూ దానితోపాటు ఒక పలకమీద పేరునైపోతాను” అంది దోయినా. ఏడుపు గొంతుతో కాదు, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది.

గురువారం పదకొండింటికి మళ్ళీ వెళ్ళాను. ఇప్పుడు జాగ్రత్తగా చదవండి, ఇక్కడే కొంప మునిగింది. ఎందుకో ఆ రోజు సుజాత ఇంట్లోనే ఉంది. ఉండటమే కాదు, నెమలి పింఛం రంగు పట్టుచీర కట్టుకుని, చేతిలో వెండి పళ్ళెం పట్టుకుని నా వెనకే వచ్చింది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, పువ్వులు, ఒక బుల్లి దీపం. శనివారం అంత ముఖ్యమైన పనికి కదలబోతున్న యంత్రాన్ని బొట్టు లేకుండా పంపడమేమిటన్నది ఆమె వాదన. మనం లారీకి పెడతాం, లేతు మిషనుకి పెడతాం, కొత్త మిక్సీకి పెడతాం. దీనికెందుకు పెట్టకూడదు? దోయినా గారు కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రెండు నిమిషాల్లో సుజాత ఇనుప దిమ్మెకి నాలుగు మూలలా పసుపు రాసింది. బొట్లు పెట్టింది. ఆ గుండ్రటి అద్దం మనవైపే తిరిగి నుదురులా మెరుస్తోంటే చెయ్యి ఆగలేదు. దానిమీదా ఒకటి పెట్టేసింది. కాస్త కుంకుమ రాలి వాలు గాజు పలక మీద కూడా పడింది. దోయినా గారు కాఫీ తెచ్చేసరికి ఇద్దరం బుద్ధిమంతుల్లా నిలబడి ఉన్నాం. ఆవిడ దిమ్మె మూలల్లో పసుపు చూసి, బాగుంది, ఏమిటిది అంది. శుభం అన్నాను. అద్దం వైపు ఆవిడ చూడలేదు.

సాయంత్రం నాలుగింటికి శనివారానికి రిహార్సల్ చేద్దాం, వచ్చి చూడండి అని పిలిచింది. ఒక్కణ్ణే వెళ్ళాను. కర్టెన్లు వేసి స్విచ్చి నొక్కింది. గొట్టం లోపల కనకాంబరం రంగు వెలుగు నిండింది. ఆవిడ గోడ వైపు చూస్తోంది. గోడమీద ఎర్ర చుక్క పడాలి. పడలేదు. ఆవిడ ఒక మర తిప్పింది, ఇంకోటి తిప్పింది. గోడ గోడలాగే ఉంది. స్విచ్చి ఆపి, టార్చి తెచ్చి, వంగి అద్దం మీద వెలుగు వేసింది. వంగిన మనిషి చాలాసేపు లేవలేదు.

లేచాక ఆవిడ అరవలేదు. ఎవరు పెట్టారని కూడా అడగలేదు. ఆ అద్దం మీద కంటికి కనపడని పొరలు పంతొమ్మిది ఉన్నాయనీ, ఒక్కోటీ తనే పరిచిందనీ, గుడ్డపెట్టి తుడిస్తే కుంకుమ రవ్వలే ఉప్పుకాగితంలా గీకేస్తాయనీ చెప్పింది. తర్వాత అడిగింది.

“ఈ పొడిలో ఏముంది?”

“పసుపు, సున్నం” అన్నాను.

“నీళ్ళతో కలిపారా, నూనెతోనా?”

“కొబ్బరినూనె. ఒక్క చుక్క. పొడి కుంకుమ ఇనుముకి అంటదు, రాలిపోతుంది” అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు చూసింది. ఆ కాసేపట్లో రాజమండ్రి నుంచి విశాఖకి రైలు వెళ్ళి తిరిగొచ్చేయొచ్చు. తర్వాత తన రెండు చేతులూ చాచి చూపించింది. వేళ్ళు వణుకుతున్నాయి. నా చేతులు అడిగింది. ఇచ్చాను. తిప్పి చూసి, రేపు పదింటికి రండి, కాఫీ తాగకుండా రండి అంది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా కళ్ళజోళ్ళు అమ్ముతున్నాను. చొక్కా అంచుతో అద్దం తుడవకండి అని కొన్ని వేలమందికి ఉపన్యాసాలిచ్చాను. ఆ రాత్రి సోఫా మీద జానెడు కాదు, గజం తక్కువైంది.

శుక్రవారం పది గంటలు. దోయినా గారు బల్లమీద మూడు వస్తువులు పెట్టింది. గాలి ఊదే రబ్బరు బుడ్డి, గోధుమరంగు సీసాలో అసిటోను, లెన్సులు తుడిచే పల్చటి కాగితాల పుస్తకం. నా దగ్గర ఉన్న మెత్తటి గుడ్డ చూపిస్తే తల అడ్డంగా ఊపింది. హాకర్ సెంటర్ టిష్యూలయితే ఇంకా ఘోరమట. ఈ కాగితాలు దొరికే చోటికి కబురు పెడితే మంగళవారానికి వస్తాయి. పుస్తకంలో మిగిలినవి లెక్కపెట్టింది. పదకొండు.

పద్ధతి ఇది. ముందు బుడ్డితో ఊది వదులుగా ఉన్న పొడి ఎగరగొట్టాలి. కాగితాన్ని అద్దం మీద పరచాలి, నొక్కకూడదు. దానిమీద ఒక చుక్క అసిటోను వదలాలి. కాగితం తడిసి అద్దానికి అంటుకోగానే అంచు పట్టుకుని ఒకే వైపుకి, ఒకే వేగంతో లాగెయ్యాలి. ఒక కాగితం ఒకేసారి. తర్వాత ఆరేదాకా ఆగాలి. రుద్దకూడదు, వెనక్కి రాకూడదు.

మొదటి కాగితం లాగాను. పారాణి పెట్టినట్టు ఎర్రగా వచ్చింది. రెండోది కూడా. ఆరేలోగా ఆవిడ తన కథ చెప్పింది. వాళ్ళమ్మ కొండ ఊళ్ళో గాజు ఫ్యాక్టరీలో థర్మామీటర్లు ఊదేదట. పదేళ్ళప్పుడే దోయినా మంట ముందు కూర్చుంది. గాజు ఎప్పుడు మెత్తబడుతుందో రంగే చెబుతుంది, చెప్పిన రెండు సెకన్లలో ఊదాలి. బుకారెస్ట్‌లో ఫిజిక్సు చదివి పరిశోధన సంస్థలో చేరినప్పుడు లేజరు గదిలోకి ఆవిణ్ణి తీసుకున్నది చదువు చూసి కాదు. ఫిజిక్సు తెలిసినవాళ్ళు ఆ గదిలో పదిమంది ఉన్నారు, గాజు ఊదగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

మూడో కాగితం గులాబీ రంగులో వచ్చింది. నాకు ధైర్యం వచ్చేసింది. ధైర్యం వచ్చిన మనిషి వేగం పెంచుతాడు. నాలుగో కాగితం సగంలో ముడతపడింది. దాన్ని సరిచెయ్యబోయి వెనక్కి లాగాను.

“ఆపండి” అంది దోయినా.

ఆపాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. పది నిమిషాలు అద్దం వైపు చూడనివ్వలేదు. బయట నుంచి అద్దాలు తెప్పించుకునే డబ్బు బుకారెస్ట్ సంస్థకి లేదట. గాలి తీసేసిన గాజు బుడ్డిలో పొర మీద పొర పరిచి, రంగు మారడం చూస్తూ తామే తయారు చేసుకునేవారు. ఒక అద్దానికి ఒక రోజు. పదిహేడో పొర దగ్గర కరెంటు పోతే రోజంతా పోయినట్టే. చలికాలం గది వెచ్చగా ఉండేది కాదు. కోట్లు వేసుకుని, వేళ్ళ కొసలు కత్తిరించిన చేతి తొడుగులతో పనిచేసేవారు. ఇది చెబుతూ ఆవిడ తన వేళ్ళు చూసుకుంది. నేనూ చూశాను. మా షాపులో ఏసీ పాడైతే ఒక పూట సెలవిచ్చేసే మనిషిని నేను.

అదృష్టం, నాలుగో కాగితం అద్దాన్ని గియ్యలేదు. ఐదోది, ఆరోది శ్వాస బిగబట్టి లాగాను. ఆరోది తెల్లగా వచ్చింది. అక్కణ్ణుంచి వాలు గాజు పలక. అది మరీ పెంకిది, మూలలో నూనె దాగింది. ఏడు, ఎనిమిది. అప్పుడు ఉప్పుగని కథ చెప్పింది. గనిలో రెండు వైపుల నుంచి సొరంగం తవ్వుతున్నారు, మధ్యలో కలవాలి. దారి సూటిగా ఉండటానికి ఆవిడ లేజరు గొట్టాన్ని దిండులో చుట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని గనిలోకి దిగింది. ఎర్ర గీత గాలిలో కనపడదు, ఉప్పు ధూళి లేచినప్పుడే కనిపిస్తుంది. గని పనివాళ్ళు వరసగా వచ్చి దాంట్లో అరచెయ్యి పెట్టి చూసుకున్నారట. సొరంగాలు కలిసిన రోజు తేడా ఎంతొచ్చిందని అడిగాను. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి చూపించింది. మధ్యలోంచి మా షాపు కళ్ళజోడు అద్దం ఒకటి పడుతుంది.

తొమ్మిది, పది, పదకొండు. పుస్తకం అట్ట మాత్రం మిగిలింది. ఒంటిగంట అయింది.

స్విచ్చి వేసింది. కనకాంబరం వెలుగు నిండింది. గోడమీద ఏమీ లేదు.

నా మొహం చూసి ఆవిడే నాకు ధైర్యం చెప్పింది. అద్దం శుభ్రంగానే ఉంది, బొట్టు పెట్టిన వేలు దాన్ని కదిపింది కూడా, రెండు అద్దాలూ ఒకదాన్నొకటి సూటిగా చూసుకోవడం మానేశాయి, అంతే అంది. చేతుల పని నాది, కళ్ళ పని తనది అంది. కరెంటు ఆపేసి, మధ్యలో సూదిబెజ్జం ఉన్న అట్టముక్క పట్టుకుని, దీపం వెలుగులో గొట్టం గుండా చూస్తూ కూర్చుంది. నేను ఆవిడ చెప్పిన మరని చెప్పినంత తిప్పాలి. ఎంత అంటే, తిప్పాలని అనుకుంటే చాలు, అంత. ఆవిడకి ఒక కన్నే బాగా కనపడుతుంది. అరగంటకోసారి ఆపి ఆ కంటికి విశ్రాంతి ఇచ్చింది. సుజాత పొద్దున్నే కట్టిచ్చిన పెరుగన్నం అక్కడే తిన్నాం. ఆవకాయ రుచి చూసి దోయినా గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చింది. సాయంత్రానికి ఇక చాలంది. మిగిలింది రేపు.

శనివారం మధ్యాహ్నం మూడున్నరకే టాన్ వచ్చేశాడు. యాభై ఏళ్ళ మనిషి, నున్నటి తల. దోయినా గారి ముందు మాత్రం హోంవర్కు మర్చిపోయిన కుర్రాడిలా నిలబడ్డాడు. కాలేజీలో అందరూ ఆవిణ్ణి ఆంటీ లేజర్ అనేవారని నా చెవిలో చెప్పాడు. చలపతి, సుజాత, నిత్య కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. కర్టెన్లు వేశారు.

నాలుగింటికి స్విచ్చి వేసింది. గొట్టం వెలిగింది. గోడ ఖాళీ. దోయినా గారు నాకు కుడి మర చూపించింది. తిప్పాలని అనుకున్నాను. గోడ ఖాళీ. టాన్ వాచీ చూసుకోలేదు, చూసుకోకుండా ఉండటానికి కష్టపడ్డాడు. అవసరమైతే ఇంకోసారి వస్తానన్నాడు. సోమవారం విమానం సంగతి ఆయనకీ తెలుసు.

“టైముంది ప్రొఫెసర్. క్యాన్, క్యాన్” అన్నాడు. అవుతుంది, అవుతుంది అనడానికి అక్కడివాళ్ళ మాట అది.

ఎడమ మర చూపించింది. అనుకున్నాను. అనుకుంటుండగానే గోడమీద ఎర్రగా ఏదో మినుక్కుమని పోయింది.

“వెనక్కి. సగం” అంది.

సగం వెనక్కి అనుకున్నాను. గోడమీద ఎర్ర చుక్క పడింది. పడి నిలబడింది. దగ్గరికెళ్ళి చూస్తే అది మామూలు వెలుగులా నున్నగా లేదు. దానిమ్మ పండు విప్పినట్టు రవ్వలు రవ్వలుగా మెరుస్తోంది. దోయినా గారు దాన్ని చూసి “బునా జివా” అంది. రొమేనియా భాషలో నమస్కారమండీ అన్నట్టట. ముప్పై ఏళ్ళకి పైగా, పొద్దున్నే మొదటి చుక్క పడినప్పుడల్లా దానికి అలా చెప్పడం ఆవిడకి అలవాటు. తర్వాత వెళ్ళి తన అరచెయ్యి ఆ వెలుగులో పెట్టింది. వణికే చేతిలో చుక్క కదల్లేదు.

టాన్ తన ఫారంలో ప్రయోగశాల అన్న గడిలో టిక్కు పెట్టాడు. పెట్టి, కలం మూత పెట్టడం మర్చిపోయి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా పాడైంది. ఆయన పట్టించుకోలేదు.

ఆదివారం సాయంత్రం విమానం. రాత్రి విశాఖలో దిగి, స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకుని, సోమవారం పొద్దున్న రాజమండ్రి రైలెక్కాను. సింగపూర్ గురించి ఒక్క మాటలో చెప్పమంటే, అది క్యూలో నిలబడటం తెలిసినవాళ్ళ ఊరు. నేను అక్కడ ఐదు రోజులు ఉండి ఎదురుచూడటం ఒక్కటే నేర్చుకున్నాను. ఈపాటికి దోయినా గారు కూడా చాంగీ బయల్దేరి ఉంటుంది. గొట్టం కాలేజీలో ఉంది.

రైలు తుని దాటింది. ఇంతవరకూ రాసింది మళ్ళీ చదివాను. ఆంబోతు పెట్టె, చెంచా నిలబడే కాఫీ, ఇవన్నీ మీరెలాగూ భాగించేసి ఉంటారు. వాటితో నాకు పేచీ లేదు. కల్పించింది ఒక్కటే. గురువారం పదకొండింటికి సుజాత అక్కడ లేదు. నెమలి పింఛం పట్టుచీరా లేదు, వెండి పళ్ళెమూ లేదు. ఆ వేళకి ఆమె బ్యాంకులో పనిచేసుకుంటోంది. భరిణె నా జేబులో ఉంది. అరచేతిలో కొబ్బరినూనె చుక్క వేసి కుంకుమ కలిపిన వేలు నాది. సుజాత ఈ పత్రిక చదువుతుంది. ఆమెకి నా క్షమాపణలు.

దోయినా గారికి మాత్రం ఆదివారమే చెప్పాను. పెట్టె పట్టుకుని లిఫ్టు కోసం నిలబడినప్పుడు ఆవిడ తలుపు తీసి వచ్చింది. అద్దం మీద బొట్టు పెట్టింది నేనే అన్నాను.

“తెలుసు. నూనెతో కలిపారో నీళ్ళతో కలిపారో కలిపినవాడికే తెలుస్తుంది” అంది.

మరి తెలిసీ కాగితాలు నా చేతికెందుకిచ్చారని అడిగాను. ఇరవై మూడేళ్ళప్పుడు అలాంటి అద్దం మీదే తన బొటనవేలు పడిందట. వాళ్ళ ప్రయోగశాల పెద్దాయన తిట్టలేదు, తుడిచే పని ఆవిడకే ఇచ్చాడు. పాడుచేసిన మనిషి తుడిచేటప్పుడు తొందరపడడు అన్నాడట.

“నేను నాలుగో కాగితం దగ్గర తొందరపడ్డాను కదా మేడమ్” అన్నాను.

“అప్పటికి మీరింకా తప్పించుకునే ఆలోచనలో ఉన్నారు” అంది దోయినా గారు. లిఫ్టు తలుపు మూసుకోకుండా చేత్తో పట్టుకుని, నా పెట్టె లోపలికి జరిపింది.